వాచ్ ‘లో’ అంటోంది, అమ్మకి టెన్షన్ (టెక్ సందేహాలు)

ప్రశ్న: మా అమ్మకి 54 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయి ఏడాది దాటింది. అన్నయ్య యాపిల్ వాచ్ కొనిచ్చాడు. రోజూ నడుస్తూనే ఉంది, అయినా కార్డియో ఫిట్‌నెస్ ‘లో’ (తక్కువ) అని చూపిస్తోంది. అది చూసి దిగులు పడుతోంది. ఆ నంబర్‌ని నమ్మొచ్చా? ఇంట్లోనే ఫిట్‌నెస్ చూసుకునే యాప్ ఏదైనా చెప్పండి.
– ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

ముందు ఫోన్‌లో వాచ్ యాప్ తెరిచి, హార్ట్ సెట్టింగ్స్‌లో కార్డియో ఫిట్‌నెస్ నోటిఫికేషన్లు ఆపేయండి. నంబర్ ఎక్కడికీ పోదు, అమ్మగారిని భయపెట్టడం మాత్రం ఆగుతుంది.

ఆ నంబర్ వీఓ2 మ్యాక్స్ అంచనా. అంటే ఒళ్లు బాగా కష్టపడుతున్నప్పుడు కిలో బరువుకి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలదన్న లెక్క. దాన్ని నిజంగా కొలవాలంటే మూతికి మాస్క్ పెట్టి ట్రెడ్‌మిల్ మీదో సైకిల్ మీదో పరీక్ష చేయాలి. వాచ్ ఆ ఆక్సిజన్ వాడకాన్ని కొలవదు, మీరెంత వేగంగా నడిస్తే గుండె ఎంత కొట్టుకుంటోందో చూసి ఊహిస్తుంది. చిక్కు అక్కడే. కీమో తర్వాత కొందరికి ఊరికే కూర్చున్నా నాడి వేగంగానే ఉంటుంది, అప్పుడు వాచ్ ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు. బీపీకో గుండెకో ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే గుండె వేగం అంతగా పెరగదు కాబట్టి ఎక్కువ చూపించొచ్చు. హెల్త్ యాప్‌లో ప్రొఫైల్ నొక్కి హెల్త్ డీటెయిల్స్‌లోకి వెళ్తే ఇలాంటి మందులు నమోదు చేసే చోటుంది. చాలామంది అది చూడనే చూడరు.

అలాగని తీసిపారేయొద్దు. కొన్ని కీమో మందులు, అలాగే కొందరికి రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ అనే మందు గుండె మీద ప్రభావం చూపొచ్చు. ఆయాసం కొత్తగా మొదలైనా, కాళ్లు వాచినా వాచ్ సంగతి పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, టూడీ ఎకో (గుండె స్కాన్) అవసరమో లేదో ఆయనే చెబుతారు.

ఇక యాప్ సంగతి. నన్నడిగితే స్టాప్‌వాచ్ చాలు. ఆస్పత్రుల్లో చేసే ఆరు నిమిషాల నడక పరీక్ష ఉంది కదా, దానికి 30 మీటర్ల వరండా కావాలి. మీ అపార్ట్‌మెంట్ కారిడార్‌నో మేడనో టేపుతో కొలిచి రెండు చివర్లా గుర్తు పెట్టండి. పరుగెత్తకుండా, వీలైనంత చురుగ్గా అటూ ఇటూ ఆరు నిమిషాలు నడవాలి, అలసిపోతే ఆగొచ్చు కానీ టైమ్ ఆపకూడదు. దూరాన్ని జీపీఎస్‌తో మాత్రం కొలవొద్దు, చిన్న చోట మలుపుల దగ్గర తప్పులు చూపిస్తుంది. ఎన్ని రౌండ్లో చేత్తో లెక్కపెట్టి, ఆయాసం పదికి ఎంతో అమ్మగారినే అడిగి రాసుకోండి. నెలకోసారి, అదే చోట, అదే చెప్పులతో. పక్కింటావిడతో పోలిక వద్దు, పోయిన నెల అమ్మగారితోనే పోలిక. మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని ఒక మాట అడగండి.

కాళ్ల బలానికి ఇంకోటి: 43 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీని గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో లెక్కపెట్టడమే.

ప్రశ్న: చంకలో గ్రంథులు తీశారు. వాచ్ ఏ చేతికి పెట్టుకోవాలి? చెయ్యి వాస్తే స్మార్ట్ వెయిట్ మెషీన్ చెబుతుందా?

గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాచే వీలుంది కాబట్టి రెండో చేతికి పెట్టుకోండి, పట్టీ కదలకుండా, అలాగని మరీ బిగుతు కాకుండా. సెట్టింగ్స్‌లో కూడా ఏ మణికట్టో మార్చాలి. మామూలు స్మార్ట్ వెయిట్ మెషీన్ చెప్పదు, దాని సన్నని కరెంటు పాదాల నుంచి కాళ్ల మీదుగానే వెళ్తుంది, చెయ్యి దానికి కనబడదు. దర్జీ టేపు తీసుకుని రెండు చేతుల్నీ ఒకే చోట్ల కొలవండి, రెండు సెంటీమీటర్ల తేడా వచ్చినా, తక్కువే అయినా బరువుగా బిగుతుగా అనిపించినా చూపించుకోండి.

ప్రశ్న: హెల్త్ డేటా అంతా ఎక్స్‌పోర్ట్ చేసి డాక్టర్‌కి పంపొచ్చా?

వచ్చేది ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్, తెరిచే ఓపిక ఎవరికీ ఉండదు. మూడు నెలల గ్రాఫ్ స్క్రీన్‌షాట్, మీరు రాసుకున్న నడక లెక్కల కాగితం, రెండూ పట్టుకెళ్లండి.