పాపకి కోడింగా, బిజినెస్సా? మధ్యలోకి గేట్స్‌ని లాగిన ఒక నాన్నగారికి

"మేడమ్, మా పాపకి కోడింగ్ అంటే పిచ్చి, కంప్యూటర్ సైన్సే తీసుకుంటానంటోంది. నేను బిజినెస్ డిగ్రీ చెయ్యమంటున్నా. స్టీవ్ జాబ్స్, బిల్ గేట్స్ లాంటి పెద్ద టెక్ కంపెనీలు పెట్టినవాళ్ళు అసలు ప్రోగ్రామర్లే కాదు కదా, వ్యాపారం తెలిసినవాళ్ళు. లేదంటే జీవితాంతం ఎవరి కిందో పనిచేస్తూ ఉండిపోతుంది. రెండు డిగ్రీలూ పోల్చి చెప్పండి."

సార్, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, పేర్లే మారుతుంటాయి. స్టీవ్ జాబ్స్ వరకు మీరన్నది కరెక్టే, ఆయన ప్రోగ్రామర్ కాదు. కానీ 1976లో యాపిల్ మొదటి కంప్యూటర్ బోర్డు డిజైన్ చేసి, దాని మీద ప్రోగ్రాములు రాసుకునే బేసిక్ భాషని కూడా తయారుచేసిపెట్టిన స్నేహితుడు స్టీవ్ వోజ్నియాక్ పక్కన లేకపోతే ఆయన ఏం అమ్మేవాడు?

గేట్స్ దగ్గరికొస్తే మీ లెక్క తప్పింది. 1975లో ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ చేతిలో లేకుండానే, మైక్రోసాఫ్ట్‌ని గేట్స్‌తో కలిసి పెట్టిన పాల్ అలెన్ వేరే కంప్యూటర్ మీద దాని ప్రాసెసర్‌లా నడిచే ప్రోగ్రామ్ ఒకటి రాస్తే, దాని మీద గేట్స్ ఆల్టెయిర్‌కి బేసిక్ రాశాడు, దశాంశాల లెక్కల భాగం మాంటీ డేవిడాఫ్ రాశాడు, అదంతా 4 కేబీ మెమరీలో పట్టించారు. మీ ఫోన్‌లో ఒక్క ఫోటో కూడా పట్టదు అందులో. కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ డాస్ మాత్రం గేట్స్ రాసింది కాదు, టిమ్ ప్యాటర్సన్ రాసినదాన్ని 1981లో మైక్రోసాఫ్ట్ కొనేసుకుంది, ఐబీఎంకి ఇస్తూనే వేరే కంపెనీలకి కూడా అమ్ముకునే హక్కు తన దగ్గరే ఉంచుకుంది చూడండి, అసలు డబ్బు అక్కడొచ్చింది. సరే, అది వ్యాపారమే. కానీ 1968లో స్కూల్లో, దూరంగా ఉన్న కంప్యూటర్‌కి కలిపిన టెలిటైప్ అనే టైపు మెషీన్ ముందు కూర్చున్న ఆ పిల్లాడు గేట్స్, హార్వర్డ్ వదిలేసేనాటికి ఏళ్ళ తరబడి కోడ్ రాసున్నాడు. జుకర్‌బర్గ్ కూడా 2004లో మొదటి ఫేస్‌బుక్‌ని తనే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్నాడు.

ఇప్పుడు ఫౌండర్లని తయారుచేస్తాం అనే కోర్సులు ఫ్యాషన్ అయ్యాయి, మీ దగ్గరకీ బ్రోచర్ వచ్చే ఉంటుంది. ఒకప్పుడు నేనే కొందరికి చెప్పాను వెళ్ళమని, ఇప్పుడు చెప్పడానికి నోరు రావట్లేదు. అక్కడ చదివినవాళ్ళు స్లైడ్లు బ్రహ్మాండంగా చేస్తారు, ఇన్వెస్టర్ ముందు తడబడకుండా మాట్లాడతారు, ఏం తయారుచేశావమ్మా అంటే మాత్రం, దానికి మనిషిని వెతుకుతున్నాం మేడమ్ అంటారు. ఆ వెతికేది మీ పాపలాంటి వాళ్ళనే సార్!

కాస్త కోపంగానే అంటున్నా, ఏమీ అనుకోకండి. ఎవరి కిందో పనిచెయ్యడం అన్న బాధ పాపదా, మీదా? మీ ఆఫీసులో మీరు పడ్డదేదో తెచ్చి పిల్ల నెత్తిన పెడుతున్నారనిపిస్తోంది. డిగ్రీలో కూడా చేరని పిల్లని ప్రపంచంలోకెల్లా డబ్బున్న వాళ్ళతో పోలిస్తే అది ఏ కొలతకి సరిపోతుంది చెప్పండి? లైనస్ టోర్వాల్డ్స్ అనే ప్రోగ్రామర్ 1991లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టాడు, 2005లో కోడ్ మార్పులన్నీ భద్రపరిచే గిట్ రాశాడు, పెద్ద కంపెనీ ఏదీ పెట్టలేదు, పాపం వ్యాపారి కాలేకపోయాడే అని ఆయన మీద జాలిపడ్డవాళ్ళని నేనైతే చూడలేదు.

పోలిక అడిగారు కదా, అకౌంట్స్, మార్కెటింగ్ లాంటివి ఉద్యోగంలో చేరాక కూడా నేర్చుకోవచ్చు, ముప్ఫై దాటాక కంప్యూటర్ సైన్స్, దాని వెనకున్న మ్యాథ్స్ మొదటినుంచి పట్టుకోవడం చాలామందికి కష్టం. అంతకంటే పోల్చడానికి నాకేం కనపడలేదు. ఇష్టంగా కూర్చునే పిల్ల సార్, భయపడకండి, బాగానే ఉంటుంది. ఈలోపు తను ఇప్పటిదాకా ఏం తయారుచేసిందో ఒకసారి చూపించమనండి, అర్థంకాకపోయినా పూర్తిగా చూడండి. అప్లికేషన్ గడువు ఎప్పుడో రాయలేదు మీరు, ముందు అది చూసుకోండి.