విరిగిన స్పీకర్ అయస్కాంతం ఎందుకు అతకట్లేదంటే

అన్నా, ప్రొద్దుటూరులో పాత స్పీకర్ విప్పుతుంటే గుండ్రటి అయస్కాంతం రెండు ముక్కలైందని, విరిగినచోట అతికిద్దామంటే ఒకదాన్నొకటి నెడుతున్నాయని రాసినారు. అదేం చెడిపోలేదు.

బడిలో చూసిన కడ్డీ అయస్కాంతానికి ధ్రువాలు రెండు కొసల్లో ఉంటాయి, కాబట్టి విరిగినచోటే మళ్లీ అంటుకుంటుంది. స్పీకర్ బిళ్ల అట్ల కాదు. పై ముఖమంతా ఒక ధ్రువం, కింది ముఖమంతా ఇంకొకటి. ముక్కలు పక్కపక్కన పెడితే ఉత్తరం పక్కన ఉత్తరమే వస్తుంది. నెట్టుకోక ఏం చేస్తాయి?

అసలు సజాతి ధ్రువాలు ఎందుకు తోసుకుంటాయంటారా? ఒకే దిశలో కరెంటు పోయే రెండు తీగలు ఆకర్షించుకుంటాయని, ఎదురు దిశలైతే వికర్షించుకుంటాయని 1820లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్ చూపించినాడు. అయస్కాంతంలో ఎలక్ట్రాన్ల స్పిన్‌లు (ఒక్కో ఎలక్ట్రాన్‌ను బుల్లి అయస్కాంతంలా చేసే గుణం) ఒకే వరసలో ఉంటాయి, అందుకే ముక్క అంచు చుట్టూ కరెంటు తిరుగుతున్నట్టే లెక్క (నిజంగా తీగలో పారినట్టు కాదులెండి). మీ రెండు ముక్కల్లోనూ అది ఒకే వైపు తిరుగుతుంది. కానీ విరిగిన అంచులు ఎదురుపడేచోట ఒకదాంట్లో ముందుకు, రెండోదాంట్లో వెనక్కి పోతుంది. అంటే ఎదురు దిశలు.

ఒకటి తిరగేస్తే ఠక్కున అంటుకుంటాయి, కానీ అట్ల అతికించొద్దు. అట్ల చేస్తే అయస్కాంతం స్పీకర్ కాయిల్‌ను (శబ్దం కోసం కదిలే తీగచుట్టను) సగం ముందుకు, సగం వెనక్కి తోస్తుంది, స్పీకర్ పలకదు. తిరగేయకుండానే రెండింటినీ స్పీకర్ ఇనుప ప్లేటు మీద పెట్టండి, ఇనుము పట్టి ఉంచుతుంది. ఎరాల్డైట్ పూసి, మెల్లగా జరిపి, తాడుతో బిగించి రాత్రంతా వదిలేయండి. కాయిల్ సందులో రజను పడకుండా చూసుకోండి.