ఆ ఎడారిని కాపాడినావిడ

ప్రశ్న: మా అబ్బాయివాళ్ళు లాస్ ఏంజెలెస్‌లో ఉంటారండి, మొన్న వెళ్ళినప్పుడు జాషువా ట్రీ నేషనల్ పార్క్ చూపించారు. ఎటు చూసినా రాళ్ళూ ఇసకా ముళ్ళచెట్లే, దీనికింత కాపలా ఎందుకా అనిపించింది. మినర్వా హోయ్ట్ అనే ఆవిడ వల్లే ఆ పార్క్ వచ్చిందన్నారు, ఎవరండీ ఆవిడ?
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: మీకొచ్చిన అనుమానం అప్పట్లో అక్కడివాళ్ళకీ ఉండేదండి, ఎడారంటే ఎందుకూ పనికిరాని నేల అనే లెక్క. అందుకే 1920ల్లో కార్లూ రోడ్లూ పెరిగాక జనం వచ్చి కాక్టస్‌లూ, యుక్కాలూ (కత్తుల్లాంటి ఆకులుండే ఎడారి మొక్కలు, జాషువా చెట్టూ ఆ జాతిదే) వేళ్ళతో సహా పెకలించి ఇళ్ళల్లో తోటలకి పట్టుకుపోయేవాళ్ళు, రాత్రిపూట వెలుగు కోసం జాషువా చెట్లకి నిప్పు కూడా పెట్టేవాళ్ళు. ఆ చెట్టేమో ఏడాదికి మూడంగుళాలు పెరిగితే గొప్ప, పైగా యుక్కా చిమ్మట అనే చిన్న పురుగు వాలితే తప్ప కాయ కాయదు, ఇక పోయిన చెట్టు మళ్ళీ ఎప్పటికి రావాలి చెప్పండి.

మినర్వా మిసిసిపీలో పుట్టి సౌత్ పసడీనాలో స్థిరపడ్డ కలిగినింటి ఆవిడ, తోటలంటే ప్రాణం. పసిబిడ్డ పోయి, 1918లో భర్త కూడా పోయాక ఎడారిలోనే ఆవిడకి కాస్త ఊరట దొరికింది. తర్వాత చేసిన పని చూడండి, నాకైతే అన్నిట్లోకీ ఇదే నచ్చింది, న్యూయార్క్, లండన్‌లో పూల ప్రదర్శనలకి ఎడారి మొక్కలూ రాళ్ళూ మోయించుకెళ్ళి, జన్మలో ఎడారి చూడనివాళ్ళ కళ్ళెదుట పెట్టింది. 1930లో ఇంటర్నేషనల్ డెజర్ట్స్ కన్జర్వేషన్ లీగ్ మొదలుపెట్టింది. 1934లో నేషనల్ పార్క్ సర్వీస్ తరఫున, పార్కుకి పనికొస్తుందా అని చూడ్డానికొచ్చిన అధికారికి ఆ చోటు పెద్దగా ఆనలేదు, అయినా ఆవిడ వదిలితేగా, శాస్త్రవేత్తలతో రిపోర్టులు రాయించి, ఫొటో ఆల్బమ్‌లు చేయించి వాషింగ్టన్‌లో పెద్దల్ని ఒప్పిస్తూనే ఉంది. చివరికి 1936 ఆగస్టు 10న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ 8,25,000 ఎకరాల్ని నేషనల్ మాన్యుమెంట్‌గా, అంటే ప్రభుత్వ రక్షణలో ఉండే చోటుగా, ప్రకటించాడు.

ఆవిడ 1945లో పోయింది, 1950లో గనుల కోసం దాదాపు 2,90,000 ఎకరాలు విడగొట్టేశారు, అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. 1994లో కొత్త చట్టంతో నేషనల్ పార్క్ అయినప్పుడు అందులో చాలా భాగం మళ్ళీ కలిసింది.

ఈసారి వెళ్తే మార్చి, ఏప్రిల్‌లో వెళ్ళండి, శీతాకాలం వానలు బాగా పడిన ఏడాదైతే ఆ ఇసకంతా పూలే. ఆవిడ పేరు పెట్టిన కొండ కూడా అక్కడే ఉంది, మౌంట్ మినర్వా హోయ్ట్, అబ్బాయిని చూపించమనండి.