సింకు కింద చుక్క ఎక్కడ పుడుతోంది?

ప్రశ్న: మాది విజయనగరం కంటోన్మెంటు ప్రాంతంలో ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇల్లు. రెండు నెలల క్రితం మంచినీటి ఫిల్టరు బిగించడానికి వచ్చినవారు, వంటింటి సింకు కింద గోడకు ఉన్న, కుళాయికి వెళ్లే నీటిని ఆపే చిన్న వాల్వు, అంటే యాంగిల్ కాక్‌ను కట్టి మళ్లీ తిప్పారు. ఆనాటి నుంచి అక్కడ నీరు కారుతోంది. రాత్రి పెట్టిన లీటరు గిన్నె తెల్లవారేసరికి నిండిపోతోంది. ప్లంబరు వచ్చి కింది నట్టును గట్టిగా బిగించినా ఆగలేదు. గోడ పగలగొట్టి పైపు మార్చాలంటున్నారు. నిజంగా అంత అవసరమా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి, గోడ జోలికి వెళ్లనవసరం లేదనే నా అభిప్రాయం. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని కాక్‌ను ఒక్కసారిగా తిప్పినప్పుడు, పిడి కింద స్పిండిల్ (పిడితో పాటు తిరిగే కడ్డీ) చుట్టూ ఉండే రబ్బరు రింగు గట్టిపడిపోయి ఉంటుంది కనుక చిట్లడం చాలా మామూలు. బోరు నీరు వాడే ఇళ్లలోనైతే స్పిండిల్ మీద తెల్లటి గార కూడా పేరుకుని, తిప్పినప్పుడల్లా ఆ రబ్బరును గీస్తుంది. అక్కడ పుట్టిన నీరు కాక్ ఒంటి మీదుగా జారి, అన్నిటికన్నా కింద ఉన్న నట్టు దగ్గర చుక్కగా రాలుతుంది. చుక్క రాలిన చోటే లీకు ఉందనుకుని బిగించడం వల్లనే ఫలితం లేకపోయి ఉంటుంది.

కాబట్టి ముందుగా చుక్క పుట్టే చోటు తెలుసుకోండి. సింకు కింద ఫిల్టరు ప్లగ్గు ఉంటే, చేయి పెట్టకముందే స్విచ్చి కట్టేసి దానిని తీసివేయండి. కాక్‌ను పాత గుడ్డతో పూర్తిగా తుడిచి, వార్తాపత్రిక ముక్కలను పిడి మొదట్లో ఒకటి, కాక్ నుంచి కుళాయికి వెళ్లే కనెక్షన్ పైపు నట్టు దగ్గర ఒకటి, గోడలోకి వెళ్లే చోట ఒకటి చుట్టండి. పది నిమిషాలలో ఏ ముక్క ముందు తడిస్తే జబ్బు అక్కడ ఉన్నట్టే.

పిడి దగ్గరి కాగితం తడిస్తే, డాబా మీది ట్యాంకు నుంచి వంటింటికి వచ్చే వాల్వు కట్టి, సింకు కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీటిని వదిలేయండి. పిడి మీది మూత తీస్తే స్క్రూ కనబడుతుంది. దానిని విప్పి పిడిని లాగితే స్పిండిల్ బయటపడుతుంది. పాత రకం కాక్‌లో దాని చుట్టూ గ్లాండు నట్టు ఉంటుంది. స్పానరుతో దానిని కొద్దిగా, అంటే ఒక చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే బిగించి చూస్తే, చాలాసార్లు అంతటితోనే ఆగుతుంది. ఆగకపోతే స్పిండిల్‌ను విప్పి, ఆ పాతదానినే చేతపట్టుకుని హార్డువేరు దుకాణానికి వెళ్లండి. పొడవు, మరలు, తలమీది పళ్లు ఒక్కో తయారీలో ఒక్కో విధంగా ఉంటాయి కాబట్టి నోటితో చెప్పి తెచ్చుకున్నది సాధారణంగా సరిపోదు. సరిపడేది దొరకకపోతే అరంగుళం ఇత్తడి యాంగిల్ కాక్ మొత్తం మార్చడమే మేలు. చేతిలో తేలికగా అనిపించే నాసిరకం కాక్ మాత్రం కొనవద్దు.

కనెక్షన్ పైపు నట్టు దగ్గర తడిస్తే లోపలి రబ్బరు వాషరు మార్చితే చాలు. నీటిని ఆపేది ఆ వాషరే కాబట్టి అక్కడ టేపు చుట్టనక్కరలేదు. మీ ప్లంబరు బలంగా బిగించారంటున్నారు గనుక ఆ వాషరు నలిగి ఉండవచ్చు, ఎలాగూ ఒకసారి విప్పి చూడండి.

గోడ దగ్గర తడిసినా వెంటనే గోడ పగలగొట్టాలని కాదు. ముందు చెప్పినట్టే డాబా మీది వాల్వు కట్టి, పైపులో మిగిలిన నీటిని వదిలేయండి. కాక్‌ను విప్పి, మరల మీది పాత టేపు గోకి, మర కొన మీ వైపు ఉండగా టెఫ్లాన్ టేపును గడియారం ముల్లు తిరిగే దిశలో ఎనిమిది, పది చుట్లు బిగువుగా చుట్టి తిరిగి ఎక్కించాలి. ఎదురు దిశలో చుడితే ఎక్కించేటప్పుడే టేపు ఊడి వస్తుంది. కాక్ నోరు సూటిగా కిందికి రావాలని బిగించిన దానిని వెనక్కి తిప్పకూడదు. అలా తిప్పితే టేపు పట్టు వదులుతుంది కనుక, మళ్లీ విప్పి కొత్త టేపుతో మొదలుపెట్టాలి. పైప్ రెంచీకి పొడుగు గొట్టం తొడిగి బలం చేయడాన్ని మాత్రం నేను గట్టిగా వద్దంటాను. గోడలో ఉన్నది సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క అయితే అది లోపలే పగిలి, నిజంగానే గోడ తవ్వవలసి వస్తుంది. కాక్ విప్పినప్పుడు గోడలోని మరలు తుప్పు పట్టి రాలిపోతుంటేనో, ఎల్బో పగిలి ఉంటేనో ప్లంబరు చెప్పిన మాట నిజమవుతుంది. విప్పి చూడకుండా ఆ నిర్ణయానికి రావద్దు.

మరొక జాగ్రత్త. డాబా మీది వాల్వు కూడా ఇన్నేళ్లుగా ఎవరూ తిప్పనిదే అయి ఉండవచ్చు, దానికీ ఇదే జబ్బు రావచ్చు. అందువల్ల ఈ పనిని దుకాణాలు తెరిచి ఉండే ఉదయం వేళ, ట్యాంకులో నీరు తక్కువగా ఉన్నప్పుడు పెట్టుకోండి. పని ముగిశాక పై వాల్వును నెమ్మదిగా తిప్పి, ఆ మూడు చోట్లా పొడి కాగితాలు చుట్టి ఒక రాత్రి ఉంచండి.