వాన తగిలిన పిప్పిలోని బూజు ఇంధనం చేస్తుందా?

ప్రశ్న: మాకు బెల్లం గానుగ ఉంది. పొయ్యిలోకి పోగా మిగిలిన చెరకు పిప్పి వానకు తడిసి, కుప్ప లోపల తెల్లగా బూజు పట్టి, చేత్తో నలిపితే పొడి అవుతున్నది. పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను ఇటువంటి బూజుతోనే తయారు చేస్తారని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? మేము చేసుకోవచ్చునా?
– ఒక రైతు, ఐరాల, చిత్తూరు జిల్లా

జవాబు: మీ అబ్బాయి చెప్పినది సగం నిజం. ఇక్కడ బూజు చేసే పని ఇథనాల్ తయారీ కాదు, అందుకు కావలసిన చక్కెరను పిప్పిలో నుంచి విడిపించడం. రసమంతా పిండిన తరువాత కూడా పిప్పిలో సెల్యులోజ్ అనే పీచు మిగిలే ఉంటుంది. అది వేలాది గ్లూకోజ్ అణువులు గొలుసుకట్టుగా పేనుకున్న పదార్థం. నోరూ కడుపూ లేని బూజు (శిలీంధ్రం) తాను పట్టిన వస్తువు మీదికే ఎంజైములను స్రవించి, ఆ గొలుసును తెంచి, కరిగిన చక్కెరను పీల్చుకుంటుంది. కర్మాగారాల్లో ఆ ఎంజైములతో పీచును చక్కెరగా మార్చి, దానిని ఈస్టుతో పులియబెట్టి ఇథనాల్ తీస్తారు.

ఈ పనిలో పేరుపడినది ట్రైకోడెర్మా రీసై. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడారాలను తినేస్తూ పట్టుబడిన శిలీంధ్రమిది. కుళ్లు తెగుళ్లు రాకుండా మీరు పశువుల ఎరువులో కలిపి వేరుశనగ చేనుకు వేసే ట్రైకోడెర్మా పొడి దీనికి దాయాదే. (ఆ పొట్లం తెచ్చి పిప్పి మీద చల్లితే ఇంధనం రాదని ముందే మనవి.)

చిక్కంతా పీచులోని లిగ్నిన్ అనే గట్టి పదార్థంతో వస్తుంది. అది సెల్యులోజ్‌ను అల్లుకొని ఉండి ఎంజైమును దగ్గరికి రానివ్వదు. వేరుశనగ పొట్టులో ఇది మరీ ఎక్కువ. అందుకే ముందుగా పలుచని ఆమ్లంతోనో, అధిక పీడనపు ఆవిరితోనో ఆ కట్టును సడలిస్తారు. తలకోన వంటి అడవుల్లో పడిపోయిన మానులను తెల్లగా కుళ్లబెట్టే శిలీంధ్రాలు లిగ్నిన్‌ను సైతం కరిగించగలవు గాని, అందుకు వారాలు పడుతుంది. ఆలోగా కంచె చేను మేసినట్లు చక్కెరలో కొంత అవే తినేస్తాయి.

వరిగడ్డి నుంచి రోజుకు లక్ష లీటర్ల ఇథనాల్ తీసేందుకు పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కట్టి, 2022 ఆగస్టులో ప్రారంభమైన కర్మాగారానికి 900 కోట్ల రూపాయలకు పైగా ఖర్చయింది. కాబట్టి ఇది గానుగ దగ్గర జరిగే పని కాదు. పైగా బట్టీ పెట్టాలంటే అబ్కారీ లైసెన్సు కావాలి. బెల్లం వండే ఊళ్లలో ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మంచి పిప్పిని కప్పు కింద ఎండుగా ఉంచుకొని పొయ్యికే వాడండి. బూజు పట్టినదానిని పేడతో కలిపి కుప్ప వేస్తే ఎరువవుతుంది. తిరగేసేటప్పుడు మాత్రం కొద్దిగా నీళ్లు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. బూజు పట్టిన పిప్పి దుమ్ము ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది.