డీసీసీ డీకోడర్ ఉన్న మోడల్ రైలింజన్‌ను మామూలు డీసీ కంట్రోలర్ మీద నడపొచ్చా?

నడపొచ్చు. కంట్రోలర్ సరైనదైతే ఏమీ కాలిపోదు. (డీసీసీ అంటే పట్టాల కరెంటులోనే డిజిటల్ ఆదేశాలు పంపి బండ్లు నడిపే పద్ధతి, ఆ ఆదేశాలు చదివి మోటారునీ శబ్దాన్నీ నడిపే ఇంజన్ లోపలి బుల్లి బోర్డే డీకోడర్.) సౌండ్ డీకోడర్ ఉన్న హెచ్‌ఓ (1:87 సైజు) ఇంజన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, ఇంట్లో ఉన్నదేమో నాబ్ తిప్పే పాత డీసీ కంట్రోలర్, ఇదే కదా మీ టెన్షన్? తిరుపతిలో మా మిద్దె మీది గదిలో నేను నడిపేది సరిగ్గా ఇలాగే. ఈ ప్రశ్న ఎవరడిగినా "ముందు కమాండ్ స్టేషన్ కొను, లేకపోతే ఇంజన్ గోవిందా" అని భయపెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. బల్ల మీద గుండ్రంగా పట్టాలు పరుచుకుని ఒక్క బండి తిప్పుకునే మనిషికి, అంత ఖరీదైన డీసీసీ డబ్బా ఎందుకండీ?

మీరు అనుమానించాల్సింది కంట్రోలర్‌ని. మనవాళ్ళు చాలామంది ఆన్‌లైన్‌లో దొరికే చిన్న పీడబ్ల్యూఎం మోటార్ స్పీడ్ బోర్డు తెప్పించి, 12 వోల్టుల అడాప్టర్ తగిలించి, అదే కంట్రోలర్ అంటారు. డీకోడర్ లేని ఇంజన్‌కి అది బాగానే ఉంటుంది. కానీ అది వోల్టేజీని తగ్గించదు, నిండు 12 వోల్టులనే టకటకా ఇస్తూ ఆపేస్తూ ఉంటుంది. డీకోడర్ కూడా తన మోటారుకి చేసేది అదే పని. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఇంజన్ గుంజుకుంటూ పోతుంది, లేదా మొరాయిస్తుంది, డీకోడర్ పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. మీది ఆ రకమైతే పక్కన పెట్టేసి, పాత ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్‌కి ఎల్ఎం317 ఐసీతో వోల్టేజీని నిజంగా తగ్గించే ఒక రెగ్యులేటర్ కట్టుకోండి, వెనక్కి ముందుకి మార్చడానికి ఒక డీపీడీటీ స్విచ్ చాలు. ఐసీకి హీట్ సింక్ మాత్రం తప్పనిసరి. 12 వోల్టుల అడాప్టర్‌తో కడితే రెగ్యులేటరే ఓ రెండు వోల్టులు తినేస్తుంది, డీకోడర్‌లోని రెక్టిఫైయర్ (పట్టాల కరెంటును ఒకే దిశకి మార్చే భాగం) ఇంకో ఒకటిన్నర తింటుంది, బండికి మిగిలేది ఏముంటుంది? ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత కంట్రోలర్ అయితే నాబ్ పూర్తిగా తిప్పి, బండి పెట్టకుండా పట్టాల మీద మల్టీమీటర్ పెట్టి చూడండి. కొన్ని 20 దాటి చూపిస్తాయి. మీ డీకోడర్ మాన్యువల్‌లో రాసిన గరిష్ఠం కన్నా ఎక్కువైతే అది వద్దు. పట్టాల మురికి వదిలించే హై ఫ్రీక్వెన్సీ క్లీనర్ డబ్బా లైన్లో ఉంటే ముందు దాన్ని పీకేయండి, డీకోడర్లను నిజంగా చంపేది అది.

ఇక నడపడం సంగతి. నాబ్ తిప్పుతున్నా ఇంజన్ ఉలకదు పలకదు, అందరూ భయపడేది అక్కడే. డీకోడర్ మేల్కోవడానికే ఐదారు వోల్టులు కావాలి, సౌండ్ ఉంటే ఇంకొంచెం ఎక్కువ. నా ఇంజన్ అమెరికా ఆల్కో కంపెనీ సెంచరీ డీజిల్ బండికి మోడల్. మన రైల్వే డీజిల్ బండి డబ్ల్యూడీఎం-2 కూడా ఆల్కో డిజైనే, ఆ అసలు బండ్లు రెండింట్లోనూ ఉన్నది 251 సిరీస్ ఇంజనే, అందుకే ఏరి కోరి కొన్నాను. మా మామ ఆ బండ్ల మీద డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఒక ఆదివారం ఇంటికొస్తే పైకి తీసుకెళ్ళి బల్ల ముందు కుర్చీ వేశాను. నాబ్ తిప్పుతున్నాను, మీటర్లో 4, 5 అంటోంది, చప్పుడు లేదు, మామ గమ్మున చూస్తున్నాడు. 6 దాటిందో లేదో క్రాంక్ తిరిగిన శబ్దం, రెండు దగ్గులు, ఇంజన్ అందుకుంది. ఆయన ముఖం చూడాలి! 8 దగ్గర బండి కదిలింది, శబ్దం పెరిగేకొద్దీ మోకాలి మీద వేళ్ళు కొడుతూ "రెండో నాచ్... మూడో నాచ్" అని, డ్రైవర్ ఇంజన్ పవర్ పెంచే మెట్లు లెక్కపెడుతున్నాడు. ప్లాట్‌ఫారం దగ్గర ఆపుదామని నేను నాబ్ మొత్తం వెనక్కి తిప్పాను. శబ్దం టక్కున తెగిపోయింది.

"ఏమిరా, బందు చేసేసినావే? స్టేషన్లో నిలబడితే ఇంజన్ ఎవురైనా ఆపుతారా? మళ్ళా క్రాంక్ కాకుంటే ఏం చేస్తావు?"

"డీసీ అంటే అంతే మామా, కరెంటు లేకపోతే శబ్దం ఉండదు."

"కరెంటు ఎందుకు తీసేస్తావు మరి, ఇట్లియ్యి" అని నాబ్ తన చేతిలోకి తీసుకున్నాడు. మెల్లగా పెంచి బండి కదలనిచ్చాడు, వెంట్రుకవాసి తగ్గించాడు, బండి ఆగింది కానీ ఇంజన్ డగ్ డగ్ మంటూనే ఉంది. శబ్దం మొదలయ్యే చోటుకీ చక్రం కదిలే చోటుకీ మధ్యన ఆ కాస్త జాగా ఉందే, అది పట్టుకున్నాడు. నా జేబులోని పెన్ను తీసుకుని నాబ్ పక్కన అక్కడే గీత గీశాడు. మీరూ ఆ గీత కనిపెట్టండి, డీసీ మీద సౌండ్ ఇంజన్ నడిపే పద్ధతి అదే. హారన్ మాత్రం మీ చేతిలో ఉండదు. క్యూఎస్ఐ వాళ్ళ క్వాంటమ్ డీకోడర్లలో డైరెక్షన్ స్విచ్‌ను చకచకా అటూ ఇటూ కొడితే హారన్ మోగుతుంది కానీ అన్నిట్లో ఆ సౌకర్యం లేదు.

పట్టాలు శుభ్రంగా ఉంచండి. మా ఊరి దుమ్ముకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకపోతే కుదరదు, ఒక్క క్షణం కరెంటు తెగినా డీకోడర్ మళ్ళీ మొదటికొచ్చి నడి దారిలో క్రాంక్ చేస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనడం మంచి పని. 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు. స్కేల్ మోడళ్ళు కూడా ఆ బొమ్మల లెక్కలోనే ఉంటాయి. ఇక్కడ పెద్దగా తయారుకాని వస్తువు మీద అంత సుంకం వేసి ఎవరిని కాపాడినట్టు? ఇష్టంగా కూడబెట్టుకునే కాలేజీ పిల్లల సంగతి ఏం కావాలి?

అయితే సెకండ్ హ్యాండ్‌లో ఒక చిక్కుంది. డీసీసీ మీద మాత్రమే నడిపేవాళ్ళు, బండి ఉన్నట్టుండి పరిగెత్తకుండా, అనలాగ్ మోడ్ (మామూలు డీసీ మీద నడిచే సౌకర్యం) ఆపేసి ఉంచుతారు. అది సీవీ29లో, అంటే డీకోడర్ సెట్టింగుల్లో 29వ దానిలో ఉంటుంది. అందులో 6 గానీ, పొడుగు అడ్రస్ (డీసీసీలో బండిని పిలిచే పెద్ద నంబరు) పెట్టి ఉంటే 38 గానీ ఉంటే అనలాగ్ ఆన్‌లో ఉన్నట్టు. 2 లేదా 34 ఉంటే మీరు 12 వోల్టులిచ్చినా ఇంజన్ చలించదు, అది చెడిపోయిందని అనుకోకండి. దాన్ని మార్చడానికి మాత్రం డీసీసీ కావాలి, అదీ ఒక్కసారే. అమ్మినవాళ్ళ చేతే మార్పించుకోండి, లేకపోతే నాలాగా సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో డీసీసీ ఉన్న ఫ్రెండ్ దగ్గరికి వెళ్ళండి. మీది ఈఎస్‌యూ కంపెనీ లోక్‌సౌండ్ డీకోడర్ అయితే పనిలో పనిగా సీవీ125, సీవీ126 కూడా సరిచేయించండి, డీసీ మీద ఏ వోల్టేజీలో కదలాలో, ఎక్కడ ఫుల్ స్పీడ్ అందుకోవాలో చెప్పేవి అవే.

డీకోడర్ లేని ఇంజన్‌తో దీన్ని జతకట్టి లాగించవద్దు, అది 3 వోల్టులకే కదిలి దీన్ని ఈడుస్తుంది. మీ కంట్రోలర్ వెనక రేటింగ్ రాసిన స్టిక్కర్ ఫోటో పెట్టండి, అది పనికొస్తుందో లేదో చూసి చెప్తాను.