ఆపరేషన్ థియేటర్ పని నేర్చుకోబోయే అమ్మలుకి

చిరంజీవి అమ్మలూ,

ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ కోర్సులో నీకు సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ముప్పయ్యేళ్లు ఆ గదుల్లోనే గడిపినదాన్ని, నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మొదటి నెలంతా నిన్ను గోడ పక్కన నిలబెట్టి, దేన్నీ ముట్టుకోవద్దంటారు. చిన్నబుచ్చుకోకు. అక్కణ్ణుంచి చూడాల్సింది చాలా ఉంది. గౌను వేసుకున్న మనిషి ఒళ్లంతా స్టెరైల్ (క్రిములు లేనిది) కాదు. ముందు వైపు ఛాతీ నుంచి టేబుల్ ఎత్తు దాకా, చేతులు మోచేతికి కాస్త పైదాకా, అంతే. వీపు లెక్కలోకి రాదు. స్క్రబ్ అయిన, అంటే చేతులు బాగా కడుక్కుని గౌను, గ్లౌజులు వేసుకున్న ఇద్దరు ఒకరినొకరు దాటేటప్పుడు వీపుకి వీపు పెట్టి ఎందుకు తిరుగుతారో గమనించు. ఇక కళ్లు తిరగడం కొత్తవాళ్లలో చాలామందికి ఉంటుంది. ఏదైనా తిని వెళ్లు. తిరిగేలా అనిపిస్తే స్టెరైల్ టేబుల్‌కి దూరంగా జరిగి నేల మీద కూర్చో. ఎవరూ ఏమీ అనరు.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. నేర్చుకునే రోజుల్లో ఒకసారి నా గ్లౌజు వేలు, పైనున్న స్టెరైల్ కాని లైటు అంచుకి తగిలింది. ఎవరూ చూడలేదు. అప్పటికే కేసు ఆలస్యమైంది, సర్జన్ చిరాకుగా ఉన్నారు. నేను నోరు మెదపలేదు. తర్వాత కుట్లు విప్పే దాకా, పది రోజులూ ఏదో ఒక వంకతో వార్డుకి వెళ్లి ఆ పేషెంట్‌ని చూసి వచ్చేదాన్ని. గాయం బాగానే మానింది. కానీ ఆ పది రోజుల టెన్షన్ నీకు వద్దు తల్లీ. తగిలిందని అనుమానం వచ్చినా సరే, 'గ్లౌజు మార్చుకోవాలి' అని పైకి చెప్పు. ఒక్క నిమిషం పని.

కౌంట్, అంటే ఆపరేషన్‌లో వాడే గుడ్డలు, సూదులు, పరికరాల లెక్క కూడా అంతే. మొదలుపెట్టే ముందు, లోపలి పొర మూసే ముందు, చర్మం కుట్టే ముందు ఇద్దరు కలిసి, పైకి వినబడేలా, ఒక్కొక్కటీ కళ్లతో చూస్తూ లెక్కపెట్టాలి. లోపల రక్తం అద్దడానికి వాడే గాజ్ గుడ్డల్లో ఎక్స్‌రేలో కనబడే దారం ఉంటుంది. అది లేని గుడ్డను గాయం దగ్గరికి రానివ్వకు, ఉన్నదాన్ని కత్తిరించకు. లెక్క తేలే దాకా చెత్త సంచీ కూడా గది దాటకూడదు. ఒక సూది తక్కువైతే ముందు నువ్వు వెతికి తర్వాత చెబుదామనుకోకు. ఆ క్షణమే చెప్పు, అందరూ వెతుకుతారు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ల కోసం ఒక చెక్‌లిస్ట్ తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంట్ గది దాటే ముందు ఆగి చూసుకోవాల్సినవి అందులో ఉంటాయి. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. కోతకు ముందు అందరూ పేరు, పని చెప్పుకోవాలని అందులో ఉంది. కొంతమంది దాన్ని మొక్కుబడిగా గొణిగేస్తారు. నువ్వు అలా చేయకు. ఒకసారి నోరు తెరిచి పేరు చెప్పిన మనిషికి తర్వాత 'ఆగండి' అనడం తేలికవుతుంది. ఇది నేను కళ్లారా చూశాను.

మత్తు డాక్టర్ దగ్గర పోస్టింగ్ వచ్చినప్పుడు రోజూ ముందుగా వెళ్లు. మెషీన్, ఆక్సిజన్ సిలిండర్ చూడు. సక్షన్ (నోట్లో, గొంతులో చేరే ద్రవాలు లాగే గొట్టం) లాగుతోందా, లారింగోస్కోప్ (గొంతు లోపల చూసే పరికరం) లైటు వెలుగుతోందా, శ్వాసనాళంలో పెట్టే ట్యూబు చివరనుండే కఫ్ అనే చిన్న బుడగలో గాలి నిలుస్తోందా, ఒక సైజు చిన్న ట్యూబు పక్కనే ఉందా అన్నీ చేత్తో పట్టి చూడు. నిన్న బాగుంది కదా అనుకోకు. మత్తు ఎక్కుతున్నప్పుడు గదిలో చప్పుడు ఉండకూడదు. వీలైతే పేషెంట్ చేయి పట్టుకో.

పడుకోబెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ కాదు. మెలకువలో ఉన్న మనిషి నొప్పెడితే చేయి కదుపుకుంటాడు. మత్తులో ఉన్నవాడి చేయి గంటల తరబడి మనం పెట్టినచోటే ఉంటుంది. అందుకే చేతిని 90 డిగ్రీలకు మించి చాపకు, మోచేతి కింద మెత్త పెట్టు, కాళ్లు పైకి పెట్టాల్సివస్తే రెండూ ఒకేసారి ఎత్తండి. స్పిరిట్ మందు రాసిన చర్మం పూర్తిగా ఆరకముందే కాటరీ (కరెంటు వేడితో కోసే, రక్తం ఆపే పరికరం) వాడితే మంట అంటుకోవచ్చు. ఒంటి కింద చేరిన తడి కూడా చూసుకో.

నా పాత నోటుబుక్కు పంపుతున్నాను. పరికరాల బొమ్మలు, ట్రాలీ సర్దే వరస అందులో ఉన్నాయి. కొన్ని ఇప్పుడు మారి ఉంటాయి. మీ థియేటర్ సిస్టర్‌ని అడిగి వాటి పక్కనే నీ చేత్తో రాసుకో. మొదటి కేసు అయ్యాక ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పిన్ని